గేమ్‌లో శత్రువు ఎవరో ఎవరు రాస్తారు?

ఫ్రీ ఫైర్, బీజీఎంఐ ఆడని హాస్టల్ రూమ్ ఇప్పుడు దొరకడం కష్టం. "ఆర్మీలో కూడా గేమ్‌లతోనే ట్రైనింగ్ ఇస్తారంట కదన్నా" అని జూనియర్లు అడుగుతుంటారు. నిజమే. దాని వెనక పెద్ద చరిత్రే ఉంది.

యుద్ధాన్ని ఆటగా నేర్పడం కంప్యూటర్ కన్నా పాతది. ప్రష్యా అంటే ఇప్పటి జర్మనీ ప్రాంతంలో ఉన్న ఒక రాజ్యం. అక్కడి సైనికాధికారి రైస్‌విట్జ్, మ్యాప్ మీద చిన్న దిమ్మలు జరుపుతూ ఆడే యుద్ధ ఆట నియమాలను 1824లో అచ్చు వేయించాడు. ఆఫీసర్లు బల్ల దగ్గరే ఓడిపోయి, ఎందుకు ఓడిపోయామో నేర్చుకునేవాళ్లు.

వీడియో గేమ్ వంతు 1980లో వచ్చింది. ట్యాంకు లోపల కూర్చుని చూస్తున్నట్టు ఉండే 'బాటిల్‌జోన్' గేమ్‌ను అటారి కంపెనీ తెచ్చింది. దాన్ని బ్రాడ్లీ అనే యుద్ధవాహనం గన్నర్ల శిక్షణకు మార్చివ్వమని అమెరికా సైన్యం వైపు నుంచి అడిగారు. గేమ్ తయారుచేసిన ఎడ్ రాట్‌బర్గ్‌కు అది ఇష్టం లేదు. ఇకమీదట మిలిటరీ పని తనకు చెప్పకూడదని షరతు పెట్టి మరీ చేశాడు. ఆ ట్రైనర్‌లో కనిపించినదల్లా కాల్చేస్తే కుదరదు, మనవాళ్ల వాహనం ఏదో గుర్తుపట్టాలి.

1996లో అమెరికా మెరైన్లు 'డూమ్ 2' గేమ్‌ను మార్చి 'మెరైన్ డూమ్' చేసుకున్నారు. రాక్షసుల స్థానంలో శత్రు సైనికులు వచ్చారు. నలుగురు కలిసి ఆడాలి. దాంతో గురి కుదరదు. ఒకరికొకరు చెప్పుకోవడం, ఒకరు కదిలితే ఇంకొకరు కాపు కాయడం వస్తుంది.

2002 జూలై 4న అమెరికా సైన్యమే 'అమెరికాస్ ఆర్మీ' అనే గేమ్‌ను ఉచితంగా వదిలింది. దాని ముఖ్య ఉద్దేశం కుర్రాళ్లను సైన్యం వైపు లాగడం. ఇందులో ఒక విచిత్రం చూడండి. రెండు జట్లు ఆడుతుంటే, ఎవరి స్క్రీన్ మీద వాళ్లే అమెరికా సైనికులు, ఎదుటి జట్టు శత్రువు. అంటే ఎవరూ ఒక్కసారి కూడా శత్రువు చోట నిలబడి చూడరు.

ఇంకోటి. సైన్యం డబ్బుతో పుట్టిన 'ఫుల్ స్పెక్ట్రమ్ వారియర్' 2004లో వచ్చింది. తర్వాత అదే గేమ్ బొమ్మలు, వీధులు వాడి, ఇరాక్ నుంచి మనసు గాయపడి తిరిగొచ్చిన సైనికులకు చికిత్స చేసే 'వర్చువల్ ఇరాక్' తయారుచేశారు. యుద్ధానికి తయారుచేయడానికీ ఆ వీధులే, యుద్ధం చేసిన గాయం మాన్పడానికీ ఆ వీధులే.

మనలో చాలామంది ఆర్మీ, పోలీసు ఉద్యోగాలకు పొద్దున్నే రన్నింగ్ చేస్తున్నారు. అందులో తప్పేమీ లేదు, ఇంటికి జీతం కావాలి. నేను చెప్పేది ఒక్కటే. గేమ్ వేగం నేర్పుతుంది, జట్టుగా నడవడం నేర్పుతుంది. కానీ శత్రువు ఎవరన్నది ఆడేవాడు తేల్చడు. గేమ్ చేసినవాడు ముందే రాసి పెడతాడు.

ఈ సంగతి మనకు ఇంకా బాగా అర్థం కావాలి. వేరేవాళ్లు గీసిన మ్యాపుల్లో మన గూడేలు చాలాసార్లు పచ్చ రంగు మరకలే. మనం ఆడే గేముల్లోనూ ఇళ్లుంటాయి, ఇంట్లో మనుషులుండరు. పొయ్యి మీద అంబలి ఉండదు, వాకిట్లో ముసలమ్మ ఉండదు. మనలో కోడింగ్ నేర్చుకుంటున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఆ ఇళ్లలో మనుషుల్ని పెట్టే పని మీదే.