తమ్ముడికి నేను చెప్పిన లెక్క

2025 దీపావళికి తెనాలి వెళ్ళినప్పుడు తమ్ముడు ఒక కాగితం నా ముందు పెట్టి, "అన్నయ్యా, ఇది కట్టమంటావా, మానమంటావా?" అని అడిగాడు. అదొక ఆరోగ్య బీమా కొటేషను. వాడు నన్ను ఈ ప్రశ్న అడగడం ఇది రెండోసారి. మొదటిసారి 1996లో అడిగాడు. అప్పుడు నేను చెప్పిన జవాబు తప్పు. ఎక్కడ తప్పిందో తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

అప్పటికి వాడికి 34 ఏళ్ళు. స్టీలు సామాన్ల కొట్టు, ఇద్దరు పిల్లలు. ఒక ఏజెంటు మెడిక్లెయిమ్ తీసుకోమని వెంటపడుతున్నాడు. మొగుడూ పెళ్ళాలకు తలా లక్ష రూపాయలకు, ఇద్దరికీ కలిపి ఏడాదికి రెండు వేల ప్రీమియం. నేనేమో బి.కాం. చదివి డిఫెన్స్ అకౌంట్స్‌లో బిల్లులు ఆడిట్ చేసేవాణ్ణి. పైగా హేతువాదిని. "ఏజెంటు అమ్మేది భయంరా. జాతకాలు చెప్పేవాడూ అదే అమ్ముతాడు. నీ వయసులో ఆసుపత్రిలో చేరే అవకాశం ఎంత? కంపెనీ ఖర్చులూ కమిషనూ పోగా నీకు తిరిగొచ్చేది ఎంత? ఆ రెండు వేలూ రికరింగ్ డిపాజిట్‌లో వేసుకో" అన్నాను. కాగితం మీద లెక్క వేసి మరీ చూపించాను. నా మాట మీద గురి ఉన్నవాడు, అలాగే చేశాడు.

2004లో వాడికి గుంటూరులో బైపాస్ ఆపరేషన్ జరిగింది. మొత్తం ఖర్చు లక్షా డెబ్బై వేలు. ఆర్.డి.లో పోగైనది పాతిక వేలకు కాస్త తక్కువ. మిగతాది మరదలి నగలు, కొట్టు మీద అప్పు. ఆ అప్పు తీరడానికి ఆరేళ్ళు పట్టింది. వాడు నన్ను ఒక్క మాటా అనలేదు. అనుంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

నా లెక్కలో అంకెలేవీ తప్పు కావు. సగటున చూస్తే ఏ బీమా అయినా కట్టినదానికన్నా తక్కువే తిరిగిస్తుంది, లేకపోతే కంపెనీ నడవదు. కానీ సగటు అనేది లక్షల మందిని ఒకే పద్దులో రాసుకునే కంపెనీకి ఉంటుంది. మా తమ్ముడికి సగటు ఎక్కడిది? వాడికున్నది ఒక్క గుండె, ఒక్క కొట్టు. అంతకన్నా సిగ్గుపడాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ లెక్క వేసిన రోజున నా చొక్కా జేబులో సి.జి.హెచ్.ఎస్. కార్డు ఉంది. నాకేమైనా అయితే సర్కారు చూసుకుంటుంది. గొడుగు కింద నిలబడి, వాన పడే అవకాశం తక్కువని పక్కవాడికి ధైర్యం చెప్పానన్నమాట.

ఆ గొడుగు నాకుండి వాడికి లేకపోవడం వెనక ఒక చరిత్ర ఉంది. 1946లో భోర్ కమిటీ నివేదిక వచ్చింది. డబ్బు కట్టలేనంత మాత్రాన ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదన్నది దాని మూల సూత్రం. ఆచరణలోకి మాత్రం ముక్కలు ముక్కలుగా వచ్చింది. 1944లో అదార్కర్ ఇచ్చిన నివేదిక ఆధారంగా 1948లో ఇ.ఎస్.ఐ. చట్టం చేశారు. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో నెహ్రూ దాన్ని ప్రారంభించారు. అది ఫ్యాక్టరీ కార్మికుల కోసం. 1954లో ఢిల్లీలో సి.జి.హెచ్.ఎస్. మొదలైంది. అది మా బోటి కేంద్ర ఉద్యోగుల కోసం. అంటే జీతం పట్టీలో పేరున్నవాడికి ఏదో ఒకటి దొరికింది. కొట్టు పెట్టుకున్నవాడికీ, కౌలు చేసేవాడికీ, ప్లీడరు గుమాస్తాకీ మిగిలింది ధర్మాసుపత్రి, కాదంటే అప్పు.

ప్రైవేటు బీమా కంపెనీలు అప్పుడూ ఉన్నాయి, కానీ ఆరోగ్యం వాటికి పెద్ద వ్యాపారం కాదు. 1972 చట్టంతో 107 కంపెనీలను జాతీయం చేసి, 1973 నుంచి జి.ఐ.సి. కింద నాలుగు కంపెనీలుగా కలిపేశారు. మామూలు జనం కొనుక్కునే ఆరోగ్య పాలసీగా మెడిక్లెయిమ్‌ను ఆ నలుగురూ తెచ్చింది 1986లో. సర్కారీ వ్యవస్థ మొదలైన మూడు దశాబ్దాల తర్వాత!

తమ్ముడు కొనకుండా పోయిన ఆ సరుకు అసలెలాంటిదో చూడాలని రిటైరయ్యాక పాత పాలసీ కాగితాలు సంపాదించి చదివాను. (ఆడిటరుకు ఇలాంటి చదువే సరదా.) అది ఏడాది ఒప్పందం. ముందునుంచీ ఉన్న జబ్బుకు ఒక్క పైసా రాదు. గడువు రోజున రెన్యువల్ చేయకపోతే మళ్ళీ ఒకటో తరగతి. రెన్యువల్ చేయాలా వద్దా అన్నది చాలావరకు కంపెనీ ఇష్టం. బిమన్ కృష్ణ బోస్ అనే పాలసీదారు కథ ఇందుకు సాక్ష్యం. క్లెయిము ఇవ్వకపోతే ఆయన పోట్లాడాడు. పోట్లాడినవాడికి పాలసీ మళ్ళీ ఇవ్వబోమంది యునైటెడ్ ఇండియా. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ప్రభుత్వ సంస్థవై ఉండి ఇలా ఇష్టానుసారం నిరాకరించకూడదని కోర్టు 2001లో తీర్పిచ్చింది. ఏడాదికోసారి కాగితం మార్చుకునే హక్కు కోసం సుప్రీంకోర్టు మెట్లెక్కాలా అని అడగవచ్చు. ఎక్కాల్సివచ్చింది.

అంటే 1996లో తమ్ముడు పాలసీ కొనుంటే 2004లో లక్ష దాకా వచ్చేది. నగలు మిగిలేవి. 2005లో మళ్ళీ ఇచ్చేవారా అన్నది మాత్రం ఎవరూ చెప్పలేరు. నేను లెక్కలో వదిలేసింది సరిగ్గా దీన్నే. ఆరోగ్య బీమాలో కొనే అసలు సరుకు ఈ ఏటి క్లెయిము కాదు, జబ్బు పడ్డాక కూడా మనల్ని బయటికి పంపకుండా ఉంచే హక్కు. 1996లో ఆ హక్కు సగమే ఉంది. నేను ఆ సగాన్నీ చూడలేదు, లేని సగాన్నీ చూడలేదు.

తలుపు ఎందుకు మూస్తారన్నదానికి 1970లోనే అమెరికన్ ఆర్థికవేత్త జార్జ్ ఎకర్లాఫ్ సమాధానం రాశాడు. పాత కార్ల సంతను ఉదాహరణగా తీసుకున్న ఆయన వ్యాసంలోనే 65 దాటినవాళ్ళకు ఆరోగ్య బీమా ఎందుకు దొరకదన్న ప్రస్తావన ఉంది. తన ఒంట్లో సంగతి కంపెనీకన్నా మనిషికే ఎక్కువ తెలుసు. ధర పెంచితే ఆరోగ్యవంతుడు మానేస్తాడు, రోగి మాత్రం కడతాడు. అది చూసి ఇంకా పెంచుతారు, మరికొందరు మానేస్తారు. చివరికి ఏ ధరకూ అమ్మడం కుదరదు. ఇందులో ఎవరి దుర్మార్గమూ అక్కర్లేదు. విడివిడిగా, ఇష్టమున్నవాళ్ళే కొనుక్కునే చోట బీమా ఇలా విరుగుతుంది. ఇ.ఎస్.ఐ., సి.జి.హెచ్.ఎస్. విరగకపోవడానికి కారణం అవి ఇష్టాయిష్టాలు అడగకపోవడమే. నా జీతంలో చందా కోసుకునేముందు నన్నెవరూ అడగలేదు!

తమ్ముడు ఆ తర్వాత రెండు కంపెనీల్లో అడిగి చూశాడు. బైపాస్ అనగానే వద్దన్నారు. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. గుండె ఆపరేషన్లు అందులో ఉన్నాయి. మావాడికి తెల్లకార్డు లేదు, ఆపరేషనూ మూడేళ్ళ ముందే అయిపోయింది. పేదవాడు కాడు, ఉద్యోగి కాడు. మధ్యలో మిగిలినవాడు.

మరి ఇప్పుడు? నిబంధనలు మారాయి, నెమ్మదిగా. 2011లో ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మారే వీలు వచ్చింది. 2013 నిబంధనలు జీవితాంతం రెన్యువల్ చేయాలన్నాయి. క్లెయిము చేశాడని ఒక మనిషి ప్రీమియం విడిగా పెంచడం కుదరదన్నాయి. 2024లో ముందునుంచీ ఉన్న జబ్బుల గడువును నాలుగేళ్ళ నుంచి మూడేళ్ళకు తగ్గించారు, కొత్త పాలసీకి వయసు అడ్డు తీసేశారు. 2025 జనవరిలో అరవై దాటినవారి ప్రీమియాన్ని ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే ముందు ఐ.ఆర్.డి.ఎ.ఐ.తో సంప్రదించాలన్నారు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద 18 శాతం జీఎస్టీ పోయింది. లేని ఆ సగం హక్కు ఇప్పుడు చాలావరకు కాగితం మీదికి వచ్చింది.

ఆ దీపావళినాడు వాడి కొటేషన్ వెనకవైపు మళ్ళీ లెక్క వేశాను. ఇప్పుడు వాడికి 63. ఐదు లక్షలకు ఏడాదికి నలభై రెండు వేలు. గుండెకు సంబంధించినదేదీ మూడేళ్ళ దాకా రాదు, అంటే 66 దాకా. 70 నిండితే ఆదాయంతో పనిలేకుండా కేంద్రం 2024లో తెచ్చిన ఐదు లక్షల ఆయుష్మాన్ కార్డు ఉంది. కాబట్టి గుండె విషయంలో ఈ డబ్బు కాపలా కాసేది నాలుగేళ్ళే. కిడ్నీ, క్యాన్సర్, రోడ్డు ప్రమాదం లాంటివి వేరే పద్దు. కొత్తగా వచ్చే జబ్బుల్లో చాలావాటికి మొదటి ముప్పై రోజులు దాటితే చాలు, ప్రమాదానికి ఆ ఆగడమూ లేదు. ఇంత చెప్పి, "నువ్వు కొట్టు అమ్మకుండా ఎంత బిల్లు కట్టగలవు?" అని అడిగాను. 1996లో అడగాల్సిన ప్రశ్న అది. వాడు కాసేపు ఆలోచించి, "ఒక లక్ష, మహా అయితే లక్షన్నర" అన్నాడు.

"అయితే కట్టు" అన్నాను. గుండె కోసం ఈ మూడేళ్ళూ విడిగా ఆర్.డి. వేయమన్నాను. ఆర్.డి. మాట వినగానే మరదలు నవ్వింది.

ఫారం నింపేటప్పుడు ఏజెంటు కుర్రాడు, "2004 సంగతి రాయకండి అంకుల్, ప్రీమియం తగ్గుతుంది" అన్నాడు. రాయించాను. దాచి తీసుకుంటే రేపు క్లెయిము రోజున ఆ ఒక్క ముక్క చాలు, మొత్తం కొట్టిపారేయడానికి. అయితే వయసు అడ్డు తీసేశారంటే అడిగిన ప్రతివాడికీ పాలసీ ఇచ్చి తీరాలని కాదు. వైద్య పరీక్షలు చూసి వద్దనే అధికారం కంపెనీకి ఇంకా ఉంది. ఫారంతోపాటు పాత డిశ్చార్జి సమ్మరీ, ఎకో రిపోర్టు పంపించాం. జవాబు ఇంకా రాలేదు.