ఉట్టిలో ఏముందో గోడలకేం తెలుసు?

చీరాల అనగానే మీకు చీరలు గుర్తొస్తాయేమో. నాకు మాత్రం ఇంటిపన్ను గుర్తొస్తుంది. పాల లెక్క, చాకలి పద్దు, పిల్లల ఫీజు అన్నీ చూసుకునే ఇల్లాలికి పన్ను నోటీసంటే ఏమిటో వేరే చెప్పాలా!

1919లో మద్రాసు ప్రభుత్వం అప్పటి గుంటూరు జిల్లాలోని చీరాలనీ పేరాలనీ, పక్క పల్లెలతో సహా కలిపి మునిసిపాలిటీ చేసింది. వినడానికి గౌరవంగానే ఉంది. కానీ అంతకుముందు ఏడాదికి సుమారు 4,000 రూపాయలున్న పన్నుల భారం దాదాపు 40,000కి ఎక్కింది. ఊళ్ళో చాలామంది నేతపనివాళ్ళు. మగ్గం ఆడితేనే పొయ్యి వెలిగే ఇళ్ళు. ఆడవాళ్ళు కండెలు చుడితేనే ఆ మగ్గం ఆడేది. ఇంటిపన్నులో ఉన్న తిరకాసే ఇది. ఇల్లు తాతలనాటిది కావచ్చు, నాలుగు గోడలూ గట్టిగానే ఉండొచ్చు. ఉట్టిలో ఏముందో గోడలకేం తెలుసు?

అర్జీలు పెట్టుకున్నారు. ఎవరూ వినలేదు. సరే, పన్ను కట్టం అన్నారు. కొందర్ని జైల్లో పెట్టారు. వాళ్ళలో రావూరి అలివేలు మంగతాయారమ్మ అనే ఆవిడ కూడా ఉంది. నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి పేరు అందరికీ తెలుసు. ఈవిడ పేరు మనలో ఎందరికి తెలుసండీ?

1921 ఏప్రిల్‌లో గాంధీగారు చీరాల వచ్చారు. పన్ను కట్టకుండా శాంతంగా నిలబడటం ఒక దారి, ఊరే వదిలి పోవడం ఇంకో దారి అన్నారు. జనం రెండోదే ఎంచుకున్నారు. 15,000 పైచిలుకు జనాభాలో 13,000 మందికి పైగా కట్టుబట్టలతో, కుండలూ చట్టితో ఊరి పొలిమేర దాటి పాకలు వేసుకున్నారు. దానికి రామనగరం అని పేరు. వారం పది రోజులు కాదు, పదకొండు నెలలు! అన్నాళ్ళలో ఎండా వానా చలీ అన్నీ వస్తాయి. పురుళ్ళూ వస్తాయి. సొంత ఇల్లు కనుచూపు మేరలోనే ఉండగా, తడిసిన పిడకలతో పాకలో వంట చెయ్యడం ఎంత కష్టమో పుస్తకాలు రాసినవాళ్ళకంటే మనకే బాగా తెలుస్తుంది.

గోపాలకృష్ణయ్యగారికి ఏడాది జైలు పడింది. డబ్బూ ఓపికా అయిపోయి, 1922లో జనం తిరిగి ఇళ్ళకి చేరారు. పన్ను తప్పలేదు. ఆయన 1928లో, నలభై నిండకుండానే క్షయతో పోయారు.

ఆనాడు అర్జీల్లో అడిగినదాంట్లో కొంత ఈనాడు చట్టంలోకి వచ్చింది. తెలంగాణలో 2019 మునిసిపల్ చట్టం, 75 చదరపు గజాల లోపు స్థలంలోని చిన్న ఇంటికి ఏడాదికి 100 రూపాయలే పన్నన్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో పన్ను లెక్కని అద్దె విలువ నుంచి ఆస్తి విలువకి మార్చినప్పుడు, 375 చదరపు అడుగుల లోపు ఇంటికి 50 రూపాయలన్నారు. ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్‌లోనే కట్టేస్తే 5 శాతం తగ్గించడం కూడా ఉంది గానీ, అది చేతిలో డబ్బాడే మనలాంటివాళ్ళకి. ఇడ్లీలమ్మే మనిషికి దానివల్ల ఒరిగేదేముంది?

ఇడ్లీలంటే గుర్తొచ్చింది. ఆంధ్రాలో ఈ మార్పు వచ్చిన కొత్తలో మా వీధి చివరావిడ నోటీసు పట్టుకొచ్చింది. ఒంటిగది ఇల్లు, పన్ను మాత్రం వందల్లో. తీరా చూస్తే పక్కింటివాళ్ళ రేకుల వసారా కూడా ఈవిడ కొలతల్లోనే కలిపేశారు! "కట్టేస్తానమ్మా, ఆఫీసుల చుట్టూ ఎవరు తిరుగుతారు" అంది. నేనొప్పుకోలేదు. గడువు దాటకుండా కమిషనరుగారి పేర అర్జీ రాసి, పాత రసీదు జతచేసి, ముట్టినట్టు సంతకం పెట్టించుకోమని మరీమరీ చెప్పి పంపాను.

మూడు వారాలకి ఒకబ్బాయి టేపు పట్టుకుని వచ్చాడు. రెండో కొస ఆవిడే పట్టుకుని, గోడ చివరిదాకా నడిచింది.