లింకన్ రెండవ ప్రమాణస్వీకార ప్రసంగం: కర్తృపద వినియోగం

1865 మార్చి 4న అబ్రహాం లింకన్ రెండవసారి అధ్యక్షుడిగా ప్రమాణం చేసేనాటికి అంతర్యుద్ధంలో ఉత్తరాది విజయం దాదాపు ఖాయమైంది. అయినా సుమారు 700 పదాల ఆ ప్రసంగంలో విజయగర్వం కానరాదు. ఒక పక్షం యుద్ధానికి తెగించిందనీ, మరొకటి దానికి సమ్మతించిందనీ చెప్పినా, వాక్యాంతంలో యుద్ధాన్నే కర్తగా నిలిపి, అది వచ్చిందని ముగించాడు. బానిసత్వాన్ని దక్షిణాది దోషమనక అమెరికా దోషమన్నాడు; కనుకనే శిక్ష ఉభయులకూ చెందింది. సయోధ్యకు ఈ నిర్మాణమే పునాది.

అయితే బానిసత్వ నిర్మూలనకు ఉద్దేశించిన 13వ రాజ్యాంగ సవరణను కాంగ్రెస్ జనవరిలోనే ఆమోదించినా, విముక్తుల పౌరహక్కుల ప్రస్తావన ఇందులో లేదు. బానిసలు యుద్ధకారణంగా కనిపిస్తారే గాని, సయోధ్యలో భాగస్వాములుగా కాదు. నల్లజాతివారిలో కొందరికైనా ఓటుహక్కు ఉండాలన్న అభిప్రాయాన్ని లింకన్ ఏప్రిల్ 11న బహిరంగంగా వెల్లడించాడు. మూడు రోజులకే హంతకుని తూటాకు గురయ్యాడు. ఆ లోటును పూరించే వ్యవధి ఆయనకు దక్కలేదు.