స్టీరింగు చక్రము తెచ్చెడి వార్త

గుఱ్ఱపుబండి తోలువానికి కళ్లెము రెండు పనులు చేసిపెట్టును. తోలువాని యాజ్ఞను గుఱ్ఱమునకు చేర్చుట యొకటి. గుఱ్ఱము బెదరినదా, అలసినదా, మొండికెత్తినదా యను సంగతిని తోలువాని చేతికి తెలుపుట రెండవది. మోటారుకారు వచ్చి గుఱ్ఱమును తొలగించిన పిదప కళ్లెపు స్థానమున స్టీరింగు చక్రము నిలిచినది. ఆజ్ఞను చేర్చుట అది త్వరలోనే నేర్చినది. వార్తను తెచ్చుట మాత్రము అంత సులభముగా నేర్వలేదు. వేగమునకై నిర్మింపబడిన స్పోర్ట్సు కార్లలో ఆ రెండవ విద్య యెట్లు అబ్బినదో, అబ్బిన పిదప ఎట్లు చేయిజారుచు వచ్చినదో నేడు శ్రోతలకు మనవి చేసెదను.

మన యెడ్లబండికి చక్రములు రెండే. ఎడ్లు తిరిగిన వైపునకు బండి తిరుగును, చిక్కు లేదు. నాలుగు చక్రముల బండిలోనే చిక్కంతయు నున్నది. పూర్వము ముందటి యిరుసు మొత్తము ఒక నడిమి మేకు చుట్టు తిరుగుచుండెడిది. మలుపు గట్టిదైనచో బండికి ముందువైపు ఆనిక తగ్గి, ఒరిగి పడిపోవు ప్రమాదముండెడిది. మ్యూనికు నగరమున రాజాస్థానమునకు బండ్లు కట్టుచుండిన లాంకెన్‌స్పెర్గరు అనునాతడు దీనికొక యుపాయము కనిపెట్టెను. ఇరుసును కదలనీయక, దాని రెండు కొనలయందును ఒక్కొక్క చక్రము తన కీలుపై తాను తిరుగునట్లు అమర్చెను. మలుపులో లోపలి చక్రము చిన్న వలయమును, వెలుపలి చక్రము పెద్ద వలయమును చుట్టవలెను గనుక రెండును వేర్వేరు కోణములలో తిరుగుట యుక్తము. ఈ యుపాయమునకు లండనులో 1818వ సంవత్సరమున పేటెంటు పొందినవాడు అతని ప్రతినిధి రుడాల్ఫ్ అకర్‌మన్. బొమ్మల పుస్తకములు ప్రకటించుట ఆయన వృత్తి. కనిపెట్టినవాని పేరు మఱుగుపడి, దరఖాస్తు పెట్టినవాని పేరే నేటికిని ఇంజనీర్ల నోట నిలిచియున్నది.

గుఱ్ఱములున్నంత కాలము ఈ యుపాయమును లోకము అంతగా పట్టించుకొనలేదు. ఫ్రాన్సు దేశములోని లె మాన్ పట్టణమున గంటలు పోతపోయు వృత్తిలోనుండిన అమెదె బొల్లె 1873లో ఒక ఆవిరి బండిని నిర్మించి, దాని ముందటి చక్రములను వేర్వేరు కీళ్లపై నిలిపెను. ఆ బండికి ఆయన యిడిన పేరునకు 'విధేయురాలు' అని యర్థము. చెప్పినట్లు తిరుగుటయే ఆనాడు గొప్ప సుగుణము! 1886లో పేటెంటు పొందిన కార్లు బెంజు మోటారు బండికి మూడే చక్రములుండుటకు కారణము ఈ చిక్కే. నాలుగు చక్రములకు తగిన ఏర్పాటునకు ఆయన 1893లో గాని పేటెంటు పొందలేదు.

మొదటి కార్లకు చక్రము లేదు. పడవ చుక్కానికుండు పిడివంటి కఱ్ఱ యుండెడిది. 1894లో పారిసునుండి రూఆఁ పట్టణమునకు జరిగిన పందెమున ఆల్ఫ్రెడ్ వాషరాన్ తన పన్హార్డు కారునకు గుండ్రని చక్రము నమర్చి నడిపెను. కొలదికాలములోనే కఱ్ఱపిడి అంతరించినది. పిడి మిక్కిలి సూటియైనది. దారిలోని రాయి తగిలినచో చేతిని విదల్చివేసెడిది. కనుక చక్రమునకు దిగువ మరచుట్లుగల కడ్డీని, దానిచే కదలు పండ్లచక్రమును అమర్చిరి. చేయి త్రిప్పినచో కారు చక్రము తిరుగును గాని, కారు చక్రము కదలినచో చేయి కదలుట మిక్కిలి స్వల్పము. రాతిపోటు తప్పినది. దానితోబాటు రోడ్డు పంపుచుండిన వార్తయు మార్గమధ్యమున ఆగిపోయినది.

ఆ వార్త యెట్టిదో కొంచెము వివరింపవలెను. కారు మలుపు తిరుగునపుడు టైరు నేలనంటిన చోట కొంచెము మెలిపడును. రోడ్డు దానిని ప్రక్కకు నెట్టుబలము సరిగా నడుమ గాక, కొంత వెనుకగా పనిచేయును. అందుచేత చక్రము తనంతట తాను తిన్నబడ జూచును. ఆ ప్రయత్నమే మన చేతికి బరువుగా తోచును. మలుపు బిగిసిన కొలదిని బరువు పెరుగును. కాని టైరు పట్టు తుదిహద్దునకు చేరబోవునపుడు ఆ బలము ముందునకు జరిగి, చేతిలోని బరువు తగ్గనారంభించును. పట్టు పూర్తిగా తప్పుటకు ముందే ఈ తేలికదనము తెలియును. వానకు తడిసిన రోడ్డుపై ఈ హెచ్చరిక కంటికి కానరాదు, చెవికి వినరాదు. చేతికి మాత్రమే అందును. స్పోర్ట్సు కారు నడుపువాడు స్టీరింగులో జీవమున్నదనుట దీనిని గూర్చియే. ఇది విలాసము గాదు. ప్రాణరక్షణకు సంబంధించిన వార్త.

ఈ వార్తకు త్రోవ తెఱచినది ర్యాకు, పినియను అను ఏర్పాటు. చిన్న పండ్లచక్రమొకటి, పండ్లుగల కడ్డీ యొకటి. కీళ్లు తక్కువ, వదులు తక్కువ. 1936లో వెలువడిన బి.ఎం.డబ్ల్యు. 328 అను జర్మను స్పోర్ట్సు కారులో ఇది యుండెను. జాగ్వారు సంస్థవారి చరిత్ర యింకను తేటగా నున్నది. 1948లో వారు ప్రదర్శించిన ఎక్స్.కె. 120 మహావేగము గలది. దాని స్టీరింగు మాత్రము మరచుట్ల నడుమ గుండ్లు దొరలెడి తరగతిది. 1951లో లె మాన్ 24 గంటల పందెమునకై నిర్మించిన సి-టైపు కారునకు వారు గొట్టములతో గట్టి చట్రమును కట్టి, ర్యాకు స్టీరింగు నమర్చిరి. ఆ కారు ఆ యేడే పందెము గెల్చెను. 1954లో అమ్మకమునకు వచ్చిన ఎక్స్.కె. 140 కారునకును ర్యాకే వచ్చినది. చట్రము వంగిపోవుచున్నచో, కీళ్లు వదులైనచో, ఎంత మంచి స్టీరింగు పెట్టెయైనను ఆలస్యముగానే పలుకును. చురుకుదనము ఒక్క భాగములో లేదు. చేతినుండి టైరు వఱకు గల వరుసయంతటిలో నున్నది. ఇది ధనికుల సొత్తును గాదు. 1948నాటి మారిస్ మైనరు అను చిన్న కారునకు అలెక్ ఇస్సిగోనిస్ ఈ ర్యాకునే అమర్చెను.

ఇంతలో కార్లు బరువెక్కినవి. ఫ్రాన్సిస్ డేవిస్ అను అమెరికా ఇంజనీరు నూనె ఒత్తిడిచే చేతికి సాయపడు యంత్రమును 1926లోనే చూపియుండగా, 1951లో క్రైస్లరువారు దానివంటిదానిని అమ్మకపు కారులో ప్రవేశపెట్టిరి. బలము తక్కువైనవారికిని పెద్ద కారు వశమైనది. ఆ మేలు చిన్నది గాదు. కాని వార్త సన్నగిల్లినది. 1970లో సిత్రోయెన్‌వారి ఎస్.ఎం. కారునందు స్టీరింగు రెండు చుట్లలో ఈ కొననుండి ఆ కొనకు తిరిగెడిది. వేగము పెరిగిన కొలది చేతికి బరువయ్యెడిది. ఆ బరువు మాత్రము టైరునుండి వచ్చినది గాదు, యంత్రము కల్పించినది. చురుకుదనము వేఱు, స్పర్శ వేఱని లోకమునకు తెలిపిన కారు అదియే.

తరువాత విద్యుత్తు వచ్చినది. 1988లో జపానులో సుజుకీ సెర్వో అను చిన్న కారునకు విద్యుత్ మోటారు సాయపు స్టీరింగు నమర్చిరి. నూనె పంపువలె ఎల్లప్పుడు తిరుగవలసిన పని లేదు గనుక ఇంధనము ఆదాయైనది. క్రమముగా అన్ని తరగతుల కార్లకును ప్రాకినది. 2011లో పోర్షే 911 కారునకును అది వచ్చినపుడు, దాని స్పర్శ తగ్గినదని పత్రికా విమర్శకులు పలువురు ఆక్షేపించిరి. ఇందుకు మాఱుగా 1996నాటి లోటస్ ఎలీసును చెప్పవచ్చును. సుమారు 725 కిలోల బరువుగల ఆ కారునకు ఏ సాయమును అక్కఱలేకపోయెను. సాయము పెంచుటకు బదులు బరువు తగ్గించుట యను పాత నీతి అచ్చట ఫలించినది.

2013లో ఇన్ఫినిటీ క్యూ50 అను కారు మఱియొక అడుగు ముందుకు వేసినది. మామూలుగా నడుచునపుడు దాని స్టీరింగు చక్రమునకును టైర్లకును నడుమ కడ్డీసంబంధమే లేదు. తీగలగుండ ఆజ్ఞ పోవును, విద్యుత్తు చెడిపోయినపుడు మాత్రమే కడ్డీ కలిసికొనును. చేతికి తోచు బరువంతయు మోటారు పుట్టించినదే. రాతిపోటును ఆపి, తడిరోడ్డు జాఱుడును మాత్రము చేర్చునట్లు ఏర్పఱుపవచ్చును గనుక దీనిని నిందింపబని లేదు. కాని ఇకముందు చేతికందు వార్తను ఏరికూర్చువాడు ఇంజనీరే యగును. ఏరుటలో సుఖమునకు ప్రీతిగొలుపు వార్తలనే ఉంచి, చేదైన హెచ్చరికను త్రోసివేయకుండుట ఆయన ధర్మము. గుఱ్ఱము బెదరినదని తెలుపని కళ్లెము ఎంత మెత్తనిదైనను మంచి కళ్లెము గాదు.