శ్రమలకు ముందా, తర్వాతా?

మా చిత్తూరు జిల్లా పల్లెల్లో క్రైస్తవుల మధ్య తెగని తగువొకటుంది. ప్రభువు మేఘాల మీద వస్తాడు, నమ్మినోళ్లు ఎత్తబడతారు. ఇంతవరకు అందరిదీ ఒకటే మాట. ఆ ఎత్తబడడం ఏడేండ్ల శ్రమల కాలానికి ముందా, మధ్యలోనా, తర్వాతా? ఇక్కడికొచ్చేసరికి గొంతులు లేస్తాయి. పొద్దున కూలికి పోవాల్సినోళ్లు గూడా రాత్రి ఉజ్జీవ సభల్లో దానియేలు, ప్రకటన గ్రంథాలు తిరగేసి లెక్కలు కడతారు.

ఈ ప్రశ్న బైబిలంత పాతదని మనం అనుకుంటాం. కాదు. సంఘం శ్రమలకు ముందే ఎత్తబడుతుందనే బోధను ఒక పద్ధతిగా కట్టి ఊరూరా తిప్పినోడు జాన్ నెల్సన్ డార్బీ (1800-1882). లాయరు చదువు చదివి, ఐర్లండులో పాదిరి అయి, ఆ సంఘం విడిచిపెట్టిన మనిషి. 1830ల తొలి ఏండ్లలో అక్కడ పవర్స్‌కోర్ట్ అనే జమీందారీ బంగళాలో ప్రవచనాల మీద సభలు జరిగినాయి. ఆ ఇంటి దొరసాని ఆతిథ్యం. ఆ సభల్లో డార్బీ ముఖ్యుడు. ప్లిమత్ ఊర్లో ఆయన తోటి బ్రదరన్ బోధకుడు బెంజమిన్ న్యూటన్ దీన్ని ఒప్పుకోలేదు. సంఘం శ్రమల గుండా పోవాల్సిందే అన్నాడు. ఈ తగువు, దానితోబాటు ఇంకొన్ని తగువులు కలిసి 1845లో ప్లిమత్ సంఘాన్ని చీల్చినాయి. 1848లో బ్రదరన్ మొత్తం రెండు ముక్కలైంది.

దీనికీ చిత్తూరుకీ ఏం సంబంధం? ఉంది. డార్బీ సావాసగాళ్లలో ఆంథోనీ నారిస్ గ్రోవ్స్ ఒకడు. పళ్ల డాక్టరు. బాగా సంపాదించే పని వదిలేసి 1829లో బాగ్దాదు పోయినాడు. 1831 ప్లేగులో భార్య చనిపోయింది. 1833లో ఇండియా వచ్చినాడు. మధ్యలో ఇంగ్లండు పోయి 1836లో తిరిగొస్తా విలియం బౌడెన్, జార్జ్ బీర్ కుటుంబాలను వెంట తెచ్చినాడు. వాళ్లు గోదావరి వైపు నరసాపురం పోయినారు. గ్రోవ్స్ 1837లో చిత్తూరు చేరినాడు. సువార్త చెప్పేవాడు తన చేతికష్టం మీద బతకాలని ఆయన పట్టు. అందుకే చిత్తూరులో భూమి తీసుకొని సేద్యం పెట్టినాడు, పట్టుపురుగులు పెంచినాడు. అప్పులపాలైనాడు.

1836లో ఇండియాకు బయల్దేరే ముందు గ్రోవ్స్ డార్బీకి ఒక జాబు రాసినాడు. మనల్ని కలపాల్సింది క్రీస్తులో ఉన్న జీవం, ఎవరికెంత తెలుసు అనే లెక్క కాదు, నువ్వు ఆ లెక్కతో మనుషుల్ని వేరు చేస్తున్నావు అని దాని సారం. పన్నెండేండ్లకు అదే జరిగింది. గ్రోవ్స్ చెల్లెలి భర్త జార్జ్ ముల్లర్ నడిపే బ్రిస్టల్ సంఘాన్ని డార్బీ వర్గం వెలివేసింది. వెలి అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. యేసు బల్ల దగ్గర గూడా వెలి ఉంటుందని ఈ చరిత్ర చెప్తుంది.

1909లో అచ్చయిన స్కోఫీల్డ్ బైబిలు డార్బీ పద్ధతిని పేజీ అడుగున నోట్సుగా వేసింది. వాక్యమేదో నోట్సేదో తేడా తెలియకుండా ఆ బోధ లోకమంతా పాకింది. తిరుపతి చుట్టుపక్కల పల్లెల్లో ముందుగా పాతుకున్న లూథరన్లది వేరే దారి. జర్మనీ నుంచి హెర్మన్స్‌బర్గ్ మిషన్ వాళ్లు 1865లో ఈ ప్రాంతానికి వచ్చినారు. ఆ పనిలోంచి పుట్టిన దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘానికి తిరుపతే కేంద్రం. పునరుత్థానానికి ముందే భక్తులు భూమ్మీద రాజ్యమేలుతారనే బోధను లూథరన్ల 1530 ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు కొట్టేసింది. అందుకే ఒకే ఇంట్లో లూథరన్ అన్న, పెంతెకొస్తు తమ్ముడు ఉంటే రాకడ లెక్క కుదరదు. ఇద్దరూ వాక్యమే చూపిస్తారు.

నాకు తోచేది ఒకటే. శ్రమలు ఇంకా రాలేదు అనుకునేవాళ్లే వాటిని తప్పించుకుంటామా లేదా అని తర్కించగలరు. బంగళాలో కూర్చున్నోళ్లకు అది రేపటి సంగతి. 1985 జూలై 17న కారంచేడులో, 1991 ఆగస్టు 6న చుండూరులో మనవాళ్లను నరికినప్పుడు ఏ కాలం నడుస్తా ఉండింది? ముద్ర లేనిదే కొనలేరు, అమ్మలేరు అని బోధకులు భయపెడతారు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డు కులస్తుడు కాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దారి తెరిచినారు, మనకు తెరవలేదు. ఆఫీసు ముద్ర కోసం ఒక పేరు, మందిరంలో ఒక పేరు పెట్టుకొని మనవాళ్లు బతుకుతానే ఉండారు.

ఈ వాదమంతా ఆనుకునే వాక్యం థెస్సలొనీకయులకు పౌలు రాసిన మొదటి పత్రిక, నాలుగో అధ్యాయం. అక్కడివాళ్లు అడిగింది తేదీ గాదు. చచ్చిపోయిన మావాళ్ల గతేంది అని ఏడ్చినారు. వాళ్లే ముందు లేస్తారని పౌలు ఓదార్చినాడు. మా పల్లెలో ఆ వాక్యం చదివేది గుంత దగ్గర. చదువు రాని మా అవ్వకు అది నోటికొచ్చు. శ్రమలకు ముందా తర్వాతా అని ఆమె ఎన్నడూ అడగలేదు. ముగ్గురు బిడ్డల్ని పూడ్చుకున్న మనిషి, వాళ్లు ముందు లేస్తారా అనేదే అడిగేది.

ఆ పూడ్చిన జాగా వంక గట్టున పోరంబోకు. దానికి పట్టా లేదు, హద్దురాయి లేదు. శవాన్ని మోసుకుపోయే దారిని పక్క పొలమోళ్లు ఏడాదికింత కలుపుకొని చెరుకు నాటుకున్నారు. చుండూరులో చంపబడినవాళ్లను ఊరి నడుమ పాతిపెట్టి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నది ఊరకే గాదు. మన చచ్చినోళ్లకు ఈ నేల మీద హక్కుందని చెప్పడానికి.

రాకడ కోసం కనిపెట్టేవాళ్లను నేను ఎగతాళి చెయ్యను. అవ్వను అంత కష్టంలో నిలబెట్టింది ఆ ఆశే. కానీ చచ్చినోళ్లు ముందు లేస్తారని నమ్మే సంఘం, వాళ్లు పడుకున్న జాగా కొలిపించి హద్దులు వేయించుకోవాలి. ఆదివారం ఆరాధన అయినాక ఆ అర్జీ మీద సంతకాలు పెట్టడానికి లూథరనా, బ్రదరనా, పెంతెకొస్తా అని చూడాల్సిన పని లేదు.