మద్రాసు కలరాకు బెంగాల్ పేరు

పెద్దవాళ్ళకు విరేచనాలైతే "వైరల్‌లే" అని ఊరుకుంటున్నాం. చాలాసార్లు నిజమే. అమెరికాలో నార్వాక్ అనే ఊరి బడిలో 1968లో వాంతులు, విరేచనాలు తెచ్చిన వైరస్ 1972లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు దొరికింది. అదే నోరోవైరస్. కానీ 1992లో మన మద్రాసులో వచ్చింది వైరస్ కాదు, ఓ139 అనే కొత్తరకం కలరా. మామూలుగా కలరా తిరిగే చోట్ల పిల్లలకే ఎక్కువ వస్తుంది; పెద్దలకు పాత కలరా వల్ల కాస్త తట్టుకునే శక్తి ఉంటుంది. ఆ శక్తి దీని ముందు పనిచేయలేదు. పెద్దలే ఎక్కువ పడిపోయారు. 1993కల్లా కలకత్తా, బంగ్లాదేశ్ దాకా పోయింది. పేరేమో 'బెంగాల్' అని పెట్టారు. సెంట్రల్‌లో బుక్ చేసిన పార్సిల్‌కు హౌరా లేబుల్ అంటించినట్టు! వైరస్ అయినా, కలరా అయినా ముందు ఓఆర్ఎస్ తాగించండి. బియ్యం కడిగిన నీళ్ళలా పోతుంటే మాత్రం తెల్లారేదాకా ఆగకండి, ఆసుపత్రికి తీసుకుపోండి.