జమాబందీ నుండి పాసు పుస్తకము దాక

ప్రభుత్వము ప్రజకు సాయము చేయదలచినపుడు ఆ సాయము ఏ దారిని నడచును? తరచుగా పన్ను వసూలు కొరకు పూర్వము వేసిన దారినే నడచును. ఎవరి పేరు పన్ను లెక్కలో కలదో వారి యింటికి సొమ్ము చేరును. పేరు లేనివారి గుమ్మము దాటిపోవును. ఇది నేటి కాలమున పుట్టిన చిక్కని పలువురు తలంతురు. కాని కరీంనగరము, ఆదిలాబాదు సీమల చరిత్రను చూచినచో, నూటయేబది సంవత్సరములుగా ఈ కథయే నడచుచున్నదని తెలియగలదు. తప్పిపోయిన సాయమును తిరిగి అడుగుటకు రైతునకు ఏ తలుపు ఉండెనో, అది ఎప్పుడు తెరచియుండెనో, ఎవరికి మూసియుండెనో ఇచ్చట కొంత వివరింపదలచితిమి.

మొదటి సాలార్‌జంగు 1853లో హైదరాబాదు దివానుగా వచ్చునాటికి శిస్తు వసూలు చాలవరకు గుత్తేదారుల చేతులలో ఉండెను. గుత్తేదారు సర్కారునకు ఒప్పుకొన్న మొత్తమును కట్టి, అంతకు మించినదానిని రైతు వద్ద రాబట్టుకొనెడివాడు. వాన కురియకున్నను అతని ఒప్పందము మారదు. కావున రైతునకు మాఫీ యను మాటయే అరుదు. 1865లో సాలార్‌జంగు జిల్లాబందీ నేర్పరచి, జీతముపై పనిచేయు తాలూక్‌దారులను, తహసీల్‌దారులను నియమించెను. నేటి కరీంనగరము అప్పుడు ఎలగందుల జిల్లా. 1905లో దానికి కరీంనగర మను పేరు వచ్చెను. ఆ సంవత్సరమే ఉత్తరమున సిర్పూరు తాండూరు ప్రాంతము ఆసిఫాబాదు ముఖ్యస్థానముగా ప్రత్యేక జిల్లా అయ్యెను. 1913లో ముఖ్యస్థానము ఆదిలాబాదునకు మారెను.

ఈ కొత్త యేర్పాటులో రైతునకు అన్నిటికంటె ముఖ్యమైనది జమాబందీ. ఏటేట గ్రామపు లెక్కలను విప్పి చూచి, ఆ ఫసలీలో ఎవరు ఎంత కట్టవలెనో తేల్చుటయే జమాబందీ. పట్వారీ పహాణీలో సర్వే నంబరు, పట్టాదారు పేరు, సేద్యము చేయువాని పేరు, పండిన పంట వ్రాసెడివాడు. గిర్దావరు పొలము తిరిగి ఆ వ్రాతను సరిచూచెడివాడు. మాలీ పటేలు శిస్తు వసూలు చేసెడివాడు. తరీ పొలము చెరువు నీటిపై బ్రతుకునది. చెరువు నిండక నాట్లు పడకున్నచో, పడినను ఎండిపోయినచో, ఆ సంగతి పహాణీ కెక్కిన పిదప మాఫీ విచారణకు వచ్చును. 1317 ఫసలీలో, అనగా 1907 ప్రాంతమున, వచ్చిన భూమి శిస్తు చట్టము ఈ పద్ధతికి నిలుకడ కలిగించెను.

ఇందలి కిటుకును మనము గమనింపవలెను. మాఫీ యనగా చేతిలో పెట్టు సొమ్ము కాదు. కట్టవలసిన శిస్తు నుండి తగ్గింపు. కావున సాయమును అడుగుచోటు, పన్ను తేల్చుచోటు ఒక్కటే. ఎండిన మడి పహాణీలో పండినట్లు వ్రాయబడినచో, రైతు జమాబందీలో నోరు విప్పవలెను. అది దాటినచో అది బకాయి యగును. ఏటి కొకసారి తెరచుకొను తలుపు అది. అయితే ఆ గుమ్మమున నిలిచి మాటాడుట అందరికి సులభము కాదు. రైతు మాట తెలుగు. పై కచేరీల వ్రాత ఉర్దూ. నడుమ నున్నది వంశపారంపర్యపు పట్వారీ కలము. ఆ కలమునకు ఎదురు చెప్పి మరల ఆ యూరనే కాపురముండుట పేదవానికి సామాన్యము కాదు.

ఆ తలుపు దరికైనను చేరలేనివారు మరియొకరు కలరు. ఆదిలాబాదు అడవులలో గోండులు, కొలాములు తరతరములుగా దున్నిన నేలలో చాలభాగము శివాయి జమాబందీ యని పిలువబడెను. శివాయి యనగా వెలుపల. వారు శిస్తు కట్టుచుండిరి. కాని పట్టా లేదు. వసూలు చేయుటకు వారి పేరు కనబడును, హక్కు చెప్పుకొనుటకు కనబడదు. బయటినుండి వచ్చినవాడు కాగితము సంపాదించినచో అదే నేల అతనిదగును. 1940లో కొమరం భీము జోడేఘాటు వద్ద ప్రాణములు విడిచిన పోరాటమునకు అడవిపై, నేలపై హక్కే మూలము. ఆ పిదప నిజాము ప్రభుత్వము మానవశాస్త్రజ్ఞుడైన హైమన్‌డార్ఫును ఈ జిల్లాకు రప్పించెను. ఆయన సూచనలపై 1940 దశకమున గిరిజనులకు పట్టాలిచ్చుట మొదలయ్యెను. లెక్కకు వెలుపల నున్నవారిని లోపలికి తెచ్చుటయే ఆ కార్యపు సారము.

1949లో జాగీరులు రద్దయ్యెను. 1950లో కౌలుదారుల రక్షణకు చట్టము వచ్చెను. 1954–55లో తయారైన ఖాస్రా పహాణీ నేటికిని భూతగాదాలలో మొదట విప్పబడు పుస్తకము. 1984లో పటేలు, పట్వారీ పదవులు రద్దయ్యెను. మనుషులు మారిరి గాని, పుస్తకములో పేరుండుట యొక్క విలువ తగ్గలేదు. పైగా పెరిగినది.

అది ఎంత పెరిగెనో 2018లో తేటపడెను. ఆ యేడు మే 10వ తేదీన కరీంనగరము జిల్లా హుజూరాబాదు మండలము శాలపల్లి–ఇందిరానగరులో రైతుబంధు పథకము ఆరంభమయ్యెను. కారునకు ఎకరమునకు 4,000 రూపాయలు పట్టాదారునకు చేరెను. 2019లో అది 5,000 అయ్యెను. శిస్తు కొరకు పుట్టిన లెక్క సాయమునకు కొలమానమయ్యెను. కాని 2017 చివరి నెలలలో జరిగిన రికార్డుల ప్రక్షాళనలో వివాదపు భూములు వేరు భాగములో చేరెను; వాటికి పాసు పుస్తకము రాలేదు, పుస్తకము లేక సొమ్ము రాలేదు. కౌలుకు దున్నువానిని ఆ పథకము లెక్కింపనే లేదు. పోడు సాగుదారుల సంగతి వేరు: అటవీహక్కుల చట్టము 2005 డిసెంబరు 13 నాటి అనుభవమును అడుగును. ఆసిఫాబాదులో 2023 జూన్ 30న పోడు పట్టాల పంపిణీ ఆరంభమగు వరకు ఎందరో నిరీక్షించిరి.

2019 ఫిబ్రవరిలో ఆరంభమైన కేంద్రపు కిసాన్ సమ్మాన్ నిధిలో మరియొక వింత కలదు. ఏడాదికి 6,000 రూపాయలిచ్చు ఆ పథకము భూమి లెక్కలో పేరున్నవానిని చేర్చుకొనును, ఆదాయపు పన్ను లెక్కలో పేరున్నవానిని తొలగించును.

సముద్రము దాటి చూచినచో ఇదే ప్రశ్నకు మరియొక జవాబు కనబడును. 2020లో మహమ్మారి వేళ అమెరికా ప్రభుత్వము పెద్దవారికి తలకు 1,200 డాలర్ల వరకు పంచెను. ఆధారము వెనుకటి యేటి ఆదాయపు పన్ను పత్రమే. భార్యాభర్తలు కలిసి పత్రము దాఖలు చేసియుండి, ఒకరికి సోషల్ సెక్యూరిటీ సంఖ్య లేకున్నచో, సాధారణముగా ఇరువురికిని సొమ్ము రాలేదు. ఉద్యోగపు వీసాపై వెళ్లిన భర్తతో కాపురమునకు వెళ్లిన తెలుగు ఇల్లాండ్రకు ఆ సంఖ్య లేకుండుట సాధారణము. 2020 డిసెంబరులో ఆ నియమము సడలెను. సంఖ్య గలవారు 2020 పన్ను పత్రములో ఒక పంక్తి నింపి, తప్పిన సొమ్మును అడుగగలిగిరి. గడువు 2024 మే 17 దాక సాగెను. 2021 నాటి 1,400 డాలర్లకు 2025 ఏప్రిల్ 15 గడువు. ఆ పంక్తి నింపక విడిచిన సుమారు పదిలక్షల మందికి 2024 చివర పన్నుల శాఖ తానే లెక్కగట్టి సొమ్ము పంపుటకు పూనుకొనెను.

ఆ పంక్తి మన జమాబందీకి దూరపు చుట్టము. రెంటను తప్పిన సాయము పన్ను తేల్చు దినమున అడుగబడును. భేద మేమనగా, అచ్చట మూడేండ్ల గడువు, మన పూర్వులకు ఒక్క విచారణ. రైతుబంధు మాత్రము కారు కారునకు ఒక తేదీ పెట్టి, ఆనాటికి పుస్తకములో నున్న పట్టాదారునే చూచెను. గడచిన కారులను మరల తిరుగవేయు వార్షిక విచారణను ఏర్పరచలేదు.

2025 జనవరి 26 నుండి రైతు భరోసా ఆ స్థానమున నిలిచెను. పేర్లు మారుచుండును, పుస్తకము మిగులును. కావున తండ్రి గతించిన యింట విరాసతు మార్పు, వితంతువు పేర పట్టా, పాసు పుస్తకములోని విస్తీర్ణము—వీనిని కరువు వచ్చిన దినమున గాక, వానలు బాగుగా కురిసిన దినమున సరిచూచుకొనుట మేలు. ఇక ప్రభుత్వముల వంతు ఒకటి కలదు. ఎంత సాయమిచ్చితిమని చాటుటతో పాటు, అందనివాడు వచ్చి అడుగుటకు ఒక దినమును, వినుటకు ఒక అధికారిని ఏర్పరుపవలెను. శివాయి యను మాట పాతపుస్తకములలో మాత్రమే మిగులుట అప్పుడే సాధ్యము.